ప్రెస్సువాళ్ల ఫ్యాను

నీకు,

ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో మర్చిపోయాను. పెళ్లయిన కొత్తలో నువ్వు ట్రైనింగులో ఉన్నప్పుడు రాసినవే ఆఖరివి. అప్పట్లో పైన ఏమేమో రాసేవాణ్ని. అవన్నీ ఇప్పుడు రాస్తే ఆసుపత్రి ల్యాబులో అందరికీ చూపించి నవ్వుతావు. అందుకని బుద్ధిగా పెద్దవాళ్ల పద్ధతిలోనే రాస్తున్నాను. ఇక్కడ నేనూ అమ్మాయీ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు కూడా వేళకింత తిని, కంటినిండా నిద్రపోతూ, ఒంట్లో బాగానే ఉన్నావని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం షాపుకే వచ్చింది. కవరు మీద చేతిరాత చూసి ఒక్క క్షణం ఎవరిదో అనుకున్నాను. ఇన్నేళ్లుగా నీ చేతిరాతంటే నాకు సరుకుల చీటీయే. నువ్వు వరసగా వాక్యాలు రాస్తే ఎలా ఉంటుందో మర్చిపోయాను. మళ్లీ మళ్లీ చదివాను. నువ్వు అడిగిన వరసలోనే జవాబులు రాస్తాను. ఒకటి రెండు మాత్రం కిందికి తోస్తాను, ఏమీ అనుకోకు.

స్నానాలగది పైకప్పు కారడం ఆగింది. మేస్త్రీ వచ్చి పైన పగులు మూసి వెళ్లాడు. గోడ మీద తడిమరక ఇంకా అలాగే ఉంది. ఆరాక వచ్చి రంగు వేస్తానన్నాడు. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియాలి.

కళ్లజోళ్ల షాపులో అమ్మాయి ఉద్యోగం బాగానే సాగుతోంది. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదివించే పని ఇప్పుడు దానికే అప్పజెప్పారు. ఆ పిచ్చి ఇంటిదాకా వచ్చింది. భోంచేస్తుంటే గోడ మీద క్యాలెండర్ చూపించి "ఆ కింది గడిలో ఏముంది నాన్నా, చదువు" అంటుంది. చదువుతాను. నా కళ్లకేం ఢోకా లేదట.

వంట పొద్దున నేను, సాయంత్రం అది. కుక్కర్ మాడిన మాట నిజమే. నీకా సంగతి ఎవరు మోశారో కూడా నాకు తెలుసు. అన్నం బొగ్గయింది. లోపలి గిన్నె ఎంత తోమినా తెల్లబడలేదు, పారేసి కొత్తది కొన్నాను. నువ్వొచ్చి చూస్తే గిన్నె ఉంటుంది, కానీ అది నీ గిన్నె కాదు. ముందే చెబుతున్నాను.

ఇక కింది వాటా పిన్నిగారు. ఆవిడ బెల్లు కొట్టీ కొట్టీ విసిగి వెళ్లిపోయారనీ, లోపల నేను అటూ ఇటూ తిరగడం కిటికీలోంచి కనబడుతూనే ఉందనీ, కావాలనే తలుపు తీయలేదని బాధపడుతున్నారనీ రాశావు. నువ్వు ఫోన్ చేస్తే "ఆ, బాగున్నాను, ఇదిగో అమ్మాయి" అని ఎందుకు ఫోను చేతులు మారుస్తున్నానని కూడా అడిగావు. "నా మాట పెడచెవిన పెట్టడం మీకు అలవాటైపోయింది" అని ఒక వాక్యం రాసి, కొట్టేశావు. కొట్టేసినా కనబడుతూనే ఉంది. వీటన్నిటికీ జవాబు ఒకటే. దానికి ముందు ప్రెస్సువాళ్ల కంప్యూటర్ సంగతి చెబుతాను. మాట దాటేయడానికి కాదు. ఇది చెబితేగానీ అది చెప్పడం నాకు చేతకాదు.

ప్రెస్సు అక్కగారు నీకు గుర్తే. మన రిపేరు షాపు కార్డుల మీద నా ఫోను నంబరు బదులు తన నంబరే అచ్చేసుకుని, నా బదులు తను తిట్లు తిన్న మనిషి. ఆవిడ దగ్గర అచ్చుకి ప్లేట్లు తీసే మెషిన్ ఒకటుంది. పాతది, కానీ మొండిది. దాన్ని నడిపేది ఇంకా పాత కంప్యూటర్. ఆ రెంటికీ మధ్య మాటలు కలిపే కార్డు ఒకటి, జానెడు పొడవుది, కంప్యూటర్ లోపల మదర్‌బోర్డుకి గుచ్చి ఉంటుంది. ఆ కార్డు కొత్త బోర్డుల్లో పట్టదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కాబట్టి ఆ బోర్డు ఉన్నంతకాలమే ఆ మెషిన్, ఆ మెషిన్ ఉన్నంతకాలమే ఆ ప్రెస్సు. అక్కగారు ఆ కంప్యూటర్‌ని ముసలి అత్తగారిని చూసుకున్నట్టు చూసుకుంటుంది. భయం సగం, భక్తి సగం.

కిందటి నెలలో దాన్ని దుప్పటిలో చుట్టి, వ్యానులో వేసుకుని షాపుకి తెచ్చింది.

"తమ్ముడూ, దీంట్లో ఏదో పురుగు దూరింది. ఒకటే కీచుకీచుమని అరుపు. మా ప్లేట్ల గదిలో కూర్చోలేకపోతున్నాం. ఒక్కోసారి దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు ప్రాణం హాయిగా ఉంటుంది" అంది.

బల్ల మీద పెట్టి, పక్క రేకు విప్పి, స్విచ్చి వేశాను. అక్కగారు వేలు పైకెత్తి, నా మొహంలోకి చూసింది.

"అదిగో. విన్నావా?"

నాకేమీ వినబడలేదు. ఎదురుగా రోడ్డు మీద లారీ వెళ్లడం వినబడింది. పక్క షాపతను ఎవరినో కేకేయడం వినబడింది. పెట్టె మాత్రం దిండులా నిశ్శబ్దంగా ఉంది.

"ఆ, విన్నాను" అన్నాను.

చూడు, అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. సందేహం కూడా లేదు. లోపలికి చూశాను. ప్రాసెసర్ మీది పెద్ద ఫ్యాను తిరుగుతోంది. వెనక పవర్ సప్లై ఫ్యాను తిరుగుతోంది. దుమ్ము దట్టంగా ఉంది. దుమ్మే కారణమని చెప్పి, బ్లోయర్‌తో ఊది, బ్రష్‌తో తుడిచి, మళ్లీ స్విచ్చి వేశాను. "ఇప్పుడు తగ్గిందే" అంది అక్కగారు. నేనూ తల ఊపాను. తగ్గలేదు. అప్పటికి ఆగింది, అంతే. నాకు తర్వాత తెలిసింది.

ఆ బోర్డు మీద ఇంకో ఫ్యాను ఉంది. అగ్గిపెట్టె అంత వెడల్పుంటుంది. బోర్డు మీది భాగాల మధ్య రాకపోకలన్నీ చూసే చిప్ ఒకటుంటుంది, దాన్ని చల్లబరచడం ఆ ఫ్యాను పని. ఆ జానెడు కార్డు సరిగ్గా దాని మీదుగా అడ్డంగా పోతుంది కాబట్టి పైనుంచి చూస్తే కనబడదు. ఇదివరకైతే కనబడాల్సిన అవసరం ఉండేది కాదు. చప్పుడు ఎటునుంచి వస్తోందో చెవే చెప్పేది, చెయ్యి అటే పోయేది. ఈసారి చెవి ఏమీ చెప్పలేదు. నేను కళ్లకి కనబడినవాటిని మాత్రమే చూసి రేకు బిగించేశాను.

ఆ వారంలోనే అక్కగారు మళ్లీ వచ్చింది. ఈసారి పెట్టె లేదు, ఒక్కతే వచ్చింది. నేను బల్ల మీద వంగి ఏదో సోల్డరింగ్ చేస్తున్నాను. తలెత్తేసరికి ఎదురుగా నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"నీ ఫోనుకేమైంది? పొద్దుట్నించీ చేస్తున్నాను. నీ మొహం ముందే మోగుతోంది, చూడు!"

చూశాను. ఫోను బల్ల మీదే ఉంది, తెర వెలుగుతోంది.

"ప్లేటు సగంలో ఉండగా బిగుసుకుపోయింది. ఆపి వేస్తే కాసేపు నడుస్తుంది, మళ్లీ బిగుసుకుంటుంది. మందుల సీసాల లేబుళ్ల పని ఒప్పుకుని కూర్చున్నాను. ఇది కాస్తా పోతే ఆ కంపెనీవాళ్లు ఇంకోసారి మా గుమ్మం తొక్కరు. దుమ్మన్నావు కదా తమ్ముడూ? ఊదితే పోయే చప్పుడా అది?"

అప్పుడే అమ్మాయి నా క్యారేజీ తీసుకుని వచ్చింది, ఆ రోజు దానికి సెలవు. సామాను సంచీ సర్దుకుని, షట్టర్ దించి, ముగ్గురం ప్రెస్సుకి వెళ్లాం.

ప్రెస్సు లోపలికి అడుగుపెట్టగానే నాకు హాయిగా అనిపించింది. నిజం. అచ్చు మెషిన్లు నేల అదిరేలా తిరుగుతుంటాయి. అక్కడ ఎవరూ ఎవరి మాటా వినరు. చేతులు ఊపుతారు, పెదవులు చూస్తారు, భుజం తట్టి పిలుస్తారు. ఆ హాల్లో నేను అందరిలాంటివాణ్నే. అక్కడే నిలబడిపోతే బాగుండనిపించింది. కానీ ప్లేట్ల గదికి అద్దాల తలుపుంది. అక్కగారు అది మూసేసరికి లోపల ప్రశాంతం. నా పని ఆ గదిలో.

పెట్టె విప్పాను. ఈసారి కార్డు కూడా ఊడదీశాను. కింద ఆ చిన్న ఫ్యాను. స్విచ్చి వేస్తే ఒక రెక్క ముందుకి కదిలి, వెనక్కి వచ్చి, వణుకుతూ ఆగింది. మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం వేడికి ముదురు గోధుమరంగులోకి మారింది. కింది చిప్ ఎంత కాలిందో చూద్దామని, దాని వేడి పీల్చుకునే అల్యూమినియం దిమ్మ మీద వేలు పెట్టాను. పెట్టి ఉంచేశాను. వేలి కొస తెల్లబడింది. నొప్పి తెలిసింది, కానీ పక్కవాడికి కాలినట్టు తెలిసింది. అమ్మాయి నా మణికట్టు పట్టి లాగింది.

ఆ ఫ్యాను కొత్తది దొరకదని తెలుసు కాబట్టి ముందు నూనె వేసి చూశాను. మధ్య కాగితం ఒలిచి, లోపలి ఇరుసు మీద కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి, రెక్కల్ని వేలితో తిప్పి, మళ్లీ కాగితం అంటించాను. స్విచ్చి వేస్తే తిరిగింది. గిర్రున తిరిగింది. నా కంటికి ఎంతో ముచ్చటగా ఉంది. అమ్మాయి వైపు చూడకుండా, మామూలుగా అడిగినట్టు అడిగాను.

"తగ్గినట్టేనా?"

"ఏంటి తగ్గేది?"

"అదే, చప్పుడు."

అమ్మాయి ఎదురుగానే ఉంది కాబట్టి దాని పెదవులు కనబడుతున్నాయి. "నాన్నా, అది అరుస్తోంది" అంది. "నీకు... వినబడటం లేదా?"

"ఆ, వినబడుతోందిలే. ఇదివరకటి కంటే నయం కదా అని."

తర్వాత నేను స్క్రూడ్రైవర్ కోసం సంచీలో వెతుక్కుంటున్నాను. అమ్మాయి నా వెనక్కి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో నేను పట్టించుకోలేదు. నాకు కావాల్సిన సైజు దొరికింది. తలెత్తితే ఎదురుగా అక్కగారు నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉంది. నన్ను కాదు, నా భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. వెనక ఏదో జరిగిందని ఆవిడ మొహం చూసి నాకు అర్థమైంది.

"ఏమైంది?" అన్నాను.

"నిన్నే పిలుస్తోంది తమ్ముడూ. ఇందాకట్నించీ పిలుస్తోంది. గట్టిగానే."

వెనక్కి తిరిగాను. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏడవడం లేదు. షాపులో ఎవరైనా పై వరస అక్షరం కూడా చదవలేకపోతే ఎలా చూస్తుందో, అలా చూస్తోంది.

అలాంటప్పుడు మనిషికి ఏదో ఒకటి అనిపించాలి కదా. సిగ్గో, బాధో, కనీసం దొరికిపోయానన్న కంగారో. నాకేమీ అనిపించలేదు. "ఇది నూనెతో పోయేది కాదు, ఫ్యాను మార్చాలి" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

పని చేసుకున్నాం. షాపులో చచ్చిపోయిన బోర్డులు వేలాడదీసుకుని ఉంటాను కదా, నువ్వు ఎప్పుడూ పారేయమని పోరుపెట్టే సామాను. అమ్మాయి వెళ్లి అందులోంచి చిన్న ఫ్యాను ఉన్నవన్నీ సంచీలో వేసుకొచ్చింది. ఒకదాని ఫ్యాను బాగానే ఉంది గానీ మరలు పట్టే కన్నాలు కలవలేదు. పాత ఫ్యానుని, దాని కింది అల్యూమినియం దిమ్మనీ ఊడదీయాలంటే బోర్డు మొత్తం బయటికి తీయాలి. వెనకనుంచి ప్లాస్టిక్ కీలల్ని పట్టకారుతో నొక్కితేగానీ రావు. ఆ బోర్డు వయసుకి ప్రతి తీగా ఊడదీస్తుంటే అక్కగారు ఊపిరి బిగపట్టి చూసింది. దిమ్మ వచ్చింది. కింద చిప్‌కి పూసిన పేస్టు ఎండి సుద్దలా రాలుతోంది. స్పిరిట్‌తో తుడిచి, కొత్త పేస్టు బియ్యపుగింజంత పెట్టి, దిమ్మని మళ్లీ కూర్చోబెట్టాను. కన్నాలు కలవని ఫ్యానుకి నాలుగు సన్నపు మరలు తీసుకుని, దిమ్మ రెక్కల సందుల్లోకి బిగించాను. చూడటానికి అంత అందంగా లేదు. కదలకుండా మాత్రం ఉంది.

స్విచ్చి వేసే ముందు అమ్మాయి నాకు ఎదురుగా వచ్చి కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే వచ్చి కూర్చుంది.

"వెయ్యి" అంది.

వేశాను. రెక్కలు కనబడకుండా పోయాయి. అమ్మాయి పెట్టె మీదికి వంగి, కళ్లు మూసుకుని, కాసేపు అలాగే ఉంది. నేను పెట్టెని చూడటం మానేసి దాని మొహమే చూస్తున్నాను.

"గాలి చప్పుడే నాన్నా. కీచు లేదు" అంది, ఒక్కో మాటా విడదీసి.

నేను ఒక కాగితం ముక్క చింపి ఫ్యాను దగ్గర పెట్టాను. రెపరెపలాడింది. అది చాలు నాకు. కార్డు గుచ్చి, తీగలు కలిపితే కంప్యూటర్ లేచింది. అక్కగారు ఒక ప్లేటు తీసింది. బాగా వచ్చింది. ఇంకోటి, ఇంకోటి తీసింది. దిమ్మ మీద చెయ్యి పెట్టి చూడబోతే అమ్మాయి నా చెయ్యి వెనక్కి లాగి తనే చూసింది. గోరువెచ్చగా ఉందని చెప్పింది. సాయంత్రానికి లేబుళ్ల పని మొదలైంది.

వచ్చేసేటప్పుడు అక్కగారు గుమ్మం దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా భుజం తట్టి, తనవైపు తిప్పుకుని, హాల్లో మెషిన్ల వైపు చెయ్యి చూపించింది.

"మా వాళ్లలో సగంమందికి వినబడదు తమ్ముడూ. ఆ నీలం చొక్కాయన్ని చూడు, పిడుగు పడినా తిరగడు. కానీ వాళ్లు అడుగుతారు. ఏంటి, ఏమన్నావ్, మళ్లీ చెప్పు అని అడుగుతారు. నువ్వు విన్నానన్నావు. దానికే నాకు కోపం."

ఇంటికి నడిచి వచ్చాం. దారంతా అమ్మాయి మాట్లాడలేదు. ఏమో, మాట్లాడిందేమో కూడా. నేను ముందు నడిచాను.

ఇంట్లోకి రాగానే లైటు వేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎప్పట్నించి?"

"తెలీదు. మెల్లగా వచ్చింది."

"అమ్మ వెళ్లినప్పట్నించీ నువ్వు నాతో మాట్లాడటం లేదనుకున్నా నాన్నా. వంటింట్లోంచి ఏదన్నా అడిగితే పలకవు. పిలిస్తే తిరగవు. అమ్మ వెళ్లడం నీకిష్టం లేదు, ఆ కోపం నా మీద చూపిస్తున్నావనుకున్నా. అమ్మకి కూడా అదే చెప్పా."

"అమ్మకి చెప్పావా?"

"చెప్పా. నాన్నకి మనిద్దరి మీదా విసుగొచ్చిందని."

అప్పుడు అది ఏడ్చింది. నేను దాని తల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. చెయ్యి తీయలేదు. చాలాసేపటికి అదే కళ్లు తుడుచుకుని, షాపులో కస్టమర్లతో మాట్లాడే గొంతుతో అంది. "కళ్లు ఆనకపోతే జనం మా దగ్గరికి వచ్చి అద్దాలు పెట్టించుకుని వెళ్తారు. సిగ్గుపడరు. కొందరు అద్దంలో చూసుకుని మురిసిపోతారు కూడా. చెవి ఏం పాపం చేసింది?"

చెవి డాక్టర్ దగ్గరికి అదే తీసుకెళ్లింది. నీకు మాత్రం నేనే చెప్పాలంది, అందుకే ఫోన్లో నీతో ఏమీ అనలేదు. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి తొడుగులు పెట్టారు. చప్పుడు వినబడినప్పుడు మీట నొక్కమన్నారు. నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇంకా మొదలుపెట్టలేదనుకుని కూర్చున్నాను. అద్దంలోంచి చూస్తే బయట పరీక్ష చేసే ఆవిడ మీటలు నొక్కుతూనే ఉంది. బయటికొచ్చాక కాగితం మీద గీత చూపించారు. ఎడమవైపు బాగానే మొదలై, సగం దాటాక మెట్ల మీంచి జారిపడ్డట్టు కిందికి పోయింది. చెవి నరం బలహీనపడిందన్నాడు డాక్టర్. పోయింది తిరిగి రాదు, మిషన్ పెట్టుకుంటే ఉన్నదాంతో నడుస్తుంది అన్నాడు. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట. కుక్కర్ కూత, బెల్లు, ఫోను మోత, ఫ్యాను కీచు. మగవాళ్ల గొంతులు కొంత నయమట. ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు ముందుగా చెదిరిపోతాయట.

అందుకే షాపులో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. వచ్చేవాళ్లు ఎక్కువమంది మగవాళ్లే. పోయింది నీ గొంతూ, అమ్మాయి గొంతూ. డాక్టర్ అది చెప్పినప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. ఆ గదిలో గోడ మీద చెవి బొమ్మ ఉంది, లోపల నత్తగుల్లలాంటిది ఉంది, అది చూస్తూ కూర్చున్నాను. ఎలా వినబడుతుందో చూడటానికి కాసేపు ఒక మిషన్ చెవికి తగిలించారు. నా చొక్కా కదిలితే నాకే చప్పుడు వినబడింది. అమ్మాయి "నాన్నా" అంది. డబ్బాలోంచి వచ్చినట్టుంది, కానీ ప్రతి అక్షరం వచ్చింది. నా చెవికి తగ్గట్టు సరిచేసి వచ్చే వారం ఇస్తామన్నారు. సంతోషించాలని తెలుసు. ఎప్పటికో సంతోషిస్తానేమో.

ఇప్పుడు నువ్వు ఆఖర్న రాసిన మాటకి వస్తాను. ఉత్తరమంతా దాన్ని తోసుకుంటూ వచ్చాను.

ఆసుపత్రివాళ్లు నిన్ను కొన్నాళ్లకని పంపి, ఇప్పుడు అక్కడే ఉండిపొమ్మంటున్నారనీ, ఆ సంగతి ఫోన్లో నాకు చెప్పి ఏం చేయమంటారని అడిగితే "అలాగే" అన్నాననీ రాశావు. నా మొగుడికి నేను ఉన్నా లేకపోయినా ఒకటేనని ఆ రోజు తెలిసిందన్నావు. నెలాఖరుకి సంతకం పెట్టేస్తానన్నావు.

ఆ ప్రశ్న నాకు నీ ఉత్తరంలోనే మొదటిసారి కనబడింది. ఒట్టు. ఫోన్లో నీ గొంతు నాకు రేకుడబ్బాలో ఇసుక పోసి ఊపినట్టు వినిపిస్తుంది. మధ్యలో ఒక్కో మాట దొరుకుతుంది. "తిన్నారా" దొరుకుతుంది, ఎప్పుడూ అడుగుతావు కాబట్టి. మిగతాదానికి నీ గొంతు ఎక్కడ ఆగితే అక్కడ "అలాగే" అంటాను. "ఊఁ" అంటాను. "సరే చూద్దాం" అంటాను. అవి దాదాపు అన్నిటికీ సరిపోతాయి. కస్టమర్లకీ సరిపోయాయి, పిన్నిగారికీ సరిపోయాయి. ఎప్పుడైనా అతకదనిపిస్తే ఫోను అమ్మాయికి ఇచ్చేస్తాను. ఎవరికీ అనుమానం రాలేదని లోపల గర్వంగా కూడా ఉండేది. ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు అడిగినవాటిలో ఎన్నిటికి "అలాగే" అన్నానో నాకు తెలియదు. దేనికి ఒప్పుకున్నానో, దేన్ని కాదనకుండా వదిలేశానో తెలియదు. నువ్వు వెళ్లడానికి ముందు కొన్నాళ్లు నాతో మాట్లాడటం బాగా తగ్గించావు. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు ప్రాణం హాయిగా ఉండేది. పని తేలికైందనుకున్నాను.

ఎందుకు చెప్పలేదంటే చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. మొదట్లో నాకే నమ్మకం లేదు. తర్వాత, చెవుడొచ్చిన రిపేరు మనిషి దగ్గరికి ఎవరొస్తారనిపించింది. ఆ తర్వాత అలవాటైపోయింది. చుట్టూ దూది కూరినట్టుంటుంది. అందులో ఉంటే ఏదీ గట్టిగా తగలదు. నీ ఉత్తరం చదివినప్పుడు కూడా గట్టిగా తగల్లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎవరిదో కీబోర్డు శుభ్రం చేశాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పి చూస్తే ఆకలి లేదు. సాయంత్రం షట్టర్ దించి, తాళం వేసి, తాళంచెవి పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడ్డాను. ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. అంతే. దాన్ని ఏమంటారో నువ్వే చెప్పాలి.

నువ్వు అక్కడ ఉండిపోవడం నాకు ఇష్టం లేదు. ఆ రోజు ఫోన్లో ఈ మాట అనాల్సింది.

అయినా నువ్వు ఉండాలనుకుంటే దానికో కారణం ఉండే ఉంటుంది. ఆ కారణం కూడా నాకు ఇదివరకే చెప్పి ఉంటావు, వంటింట్లోంచో, నా కుర్చీ వెనకనుంచో. కాబట్టి సంతకం కొన్నాళ్లు ఆపగలవా? ఆపమని చెప్పడం కాదు, అడుగుతున్నాను. ఆదివారం పొద్దుటి బస్సుకి నేనూ అమ్మాయీ అక్కడికి వస్తున్నాం. చెవి మిషన్ అప్పటికి చేతికి రాదు. రాకపోయినా వస్తాను.

నాకు ఎదురుగా కూర్చో. వెలుతురు నీ మొహం మీద పడేలా కూర్చో. అరవక్కర్లేదు, అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుందట. నెమ్మదిగా, మొదట్నించి చెప్పు. వినబడకపోతే తల ఊపను. ఏమన్నావు అని అడుగుతాను. మళ్లీ వినబడకపోతే మళ్లీ అడుగుతాను. విసుగొస్తే విసుక్కో. నువ్వు విసుక్కోవడం వినబడాల్సిన పని లేదు, నీ మొహంలో బాగానే కనబడుతుంది.

ఇట్లు,
మీ ఆయన